మంచు బొంగరానికి ములుకు

నా గురించి తప్పుగా ఒక మాట కాగితం మీదికి ఎక్కితే చూసీ చూడనట్టు వదిలేసే అలవాటు నాకు లేదు. నోటితో అన్న మాటలే నాకు పాతికేళ్ళయినా గుర్తుంటాయి. రాసినవాటి సంగతి వేరే చెప్పాలా. పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం హరుమి మా ఇంటికి వచ్చి, నేనిచ్చిన టీ పూర్తిగా తాగకుండానే నాలుగు కాగితాలు బల్ల మీద పరిచింది. హరుమి అంటే మోరి గారి కూతురు. చదువుకోవడానికి న్యూజిలాండ్ వచ్చిన కొత్తలో నేను రెండేళ్ళు ఉన్నది ఆ మోరి గారి ఇంట్లోనే. ఆయన కిందటి చలికాలంలో తొంభై దాటాక పోయారు. ఆయన గరాజ్‌లో మిగిలిన జపాన్ బొంగరాలన్నిటినీ ఇక్కడ ఆక్లాండ్‌లో మేముండే మౌంట్ రాస్కిల్‌లోనే, మా వీధి చివరనున్న కమ్యూనిటీ హాలుకు ఇచ్చేస్తున్నారు. అద్దాల బీరువాలో పెట్టి ఒక్కొక్కదాని ముందు ఒక్కొక్క కార్డు ఉంచుతారట. పేర్లూ ఊళ్ళూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని హరుమి వెల్లింగ్టన్ నుంచి వచ్చి మరీ నన్ను అడిగింది. ఆ పేర్లు ఆయన నోట విని నేర్చుకున్నదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలాను. నాకూ గర్వంగానే అనిపించింది, చివరి కాగితం దాకా.

చివరి కాగితంలో అడుగున ఇలా ఉంది: "మంచు బొంగరం. దెబ్బతిన్నది. ఇంట్లో ఉన్న ఒక ఇండియన్ స్టూడెంట్ దీనికి మేకు దిగగొట్టింది."

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది. పేరు కూడా లేదు, ఒక ఇండియన్ స్టూడెంట్. ఫ్రిజ్ దగ్గర నిలబడి పెరుగు తింటున్న మా అమ్మాయి నా మొహం చూసి విషయం కనిపెట్టింది. ఇక్కడ పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం సగమే. "అమ్మా, లెట్ ఇట్ గో. జస్ట్ లేబులే కదా," అని తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ లైను మారేదాకా మిగతా పేర్లు దిద్దనని హరుమికి స్పష్టంగా చెప్పాను. హరుమి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏం మార్చాలో చెప్పమంది. తను పుట్టింది జపాన్‌లోనైనా పెరిగింది ఇక్కడే కాబట్టి మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. నేను తెలుగులో రాస్తున్నాను. ఏం మార్చాలో చెప్పాలంటే ముందు ఏం జరిగిందో చెప్పాలి. ఆ మధ్యాహ్నం హరుమికి చెప్పినదే ఇక్కడా చెబుతాను. ఆమెకు చెప్పకుండా దాటేసినవి కూడా చెబుతాను.

మోరి గారి ఇంటికి నేను ఇష్టపడి వెళ్ళలేదు. అంతకుముందు ఆక్లాండ్ సిటీ సెంటర్లో ఒక ఫ్లాట్‌లో నలుగురు తెలుగు అమ్మాయిలతో ఉండేదాన్ని. గిన్నెలు కడిగే వంతుల కాగితం ఫ్రిజ్‌కు అతికించింది నేను, దాన్ని పాటించింది కూడా నేనొక్కదాన్నే. అడిగినందుకు నాకు కంప్లైంట్ బాక్స్ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన గుంటూరు అమ్మాయి ఇప్పటికీ శాండ్రింగ్‌హామ్ కిరాణా కొట్లో ఎదురుపడుతుంది. ఆవిడ ముందు పలకరిస్తేనే నేను పలుకుతాను. అలా ఒక సెమిస్టర్ మధ్యలో సూట్‌కేసు పట్టుకుని బయటికొచ్చి, యూనివర్సిటీ నోటీసు బోర్డులో చూసిన, ఇదే మౌంట్ రాస్కిల్‌లోని గదికి బస్సెక్కాను. తలుపు తీసిన ముసలాయన నాకంటే పొట్టి. వంగి నమస్కారం చేశారు. నేనూ చేతులు జోడించాను. పేరు చివర సాన్ అని పెట్టి పిలవాలని ఎవరో చెబితే, మా భాషలో దానికి గారు ఉందని చెప్పి మోరి గారు అన్నాను. ఆ పిలుపు ఆయనకు నచ్చింది. పోయేదాకా నా ఫోనెత్తితే "మోరి గారు స్పీకింగ్" అనేవారు.

ఆ ఇంట్లో రోజూ ఒకే క్రమంలో తెల్లవారేది. ముందు వంటింట్లో అన్నం ఉడికే వాసన, తరువాత చేప కాలే వాసన, ఆ తరువాత సోయా ముద్ద కలిపిన చారు వాసన. మా నర్సీపట్నంలో చేపల పులుసు తిని పెరిగిన నాకు పరాయి దేశంలో ఆ వాసనకే ప్రాణం లేచి వచ్చేది. తిన్న వెంటనే ఆయన తన కప్పు తానే కడిగి బోర్లించేవారు. గోడ మీద భార్య ఫోటో ముందు చిన్న గిన్నెలో అన్నం పెట్టి, పేపరు నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళేవారు. సాయంత్రం నేను ఎండు మిరపకాయలు వేసి పోపు పెడితే దగ్గుతూ మళ్ళీ గరాజ్‌లోకే పోయేవారు గానీ, పెట్టొద్దని ఒక్కసారీ అనలేదు. ఇల్లంతా రెండే రకాల వాసనలు, ఒకటి వంటది, రెండోది కొత్తగా చెక్కిన కర్రది. రెండోది ఆయన బట్టల్లో, జుట్టులో, కుర్చీ గుడ్డలో ఉండేది.

ఆయన జపాన్ ఉత్తరాన, ఏడాదిలో నెలల తరబడి మంచు కప్పేసే చోట పుట్టారు. తండ్రి కొయ్య పని చేసేవాడు. కొడుకు మాత్రం కలప వ్యాపారం ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి, రిటైరయ్యాక గరాజ్‌లో కర్రను తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ పెట్టి తండ్రి పని మొదలుపెట్టారు. ఆదివారం మధ్యాహ్నం నేల మీద పాత దుప్పటి పరిచి బొంగరాలు వరసగా పేర్చేవారు. బొంగరాన్ని వాళ్ళు కోమా అంటారు. ఊరి పేరు ముందు చేరితే గోమా అవుతుంది. సన్నటి ఇనుప ఇరుసుతో తిరిగే హకాటా గోమాను ఆయన కత్తి అంచు మీద నడిపించేవారు, కత్తి లేదు గనుక స్టీలు స్కేలు మీద. ఉల్లిగడ్డ ఆకారంలో, కింద పదునైన ములుకుతో ఉండేది ససెబో గోమా. అది ఇంకో బొంగరాన్ని పగలగొట్టడానికే పుట్టింది. కొండ మీది గుడికి వెళ్ళినవాళ్ళు ఇంటికి శుభమని తెచ్చుకునే పొట్టి ఓయామా గోమా మీద నీలం, ఎరుపు వలయాలుండేవి. వెదురుతో చేసి పక్కన చీలిక పెట్టింది తుమ్మెదలా పాడేది. గవ్వంత ఇనుప బొంగరాలు బకెట్ మీద బిగించిన గుడ్డలో ఒకదాన్నొకటి తోసుకునేవి. ఇంకొకటి తిరుగుతూ తిరుగుతూ తలకిందులై కాడ మీద నిలబడేది. కొరడాతో కొట్టి తిప్పేదాన్ని చూసి పక్కింటి మేరె ఆంటీ, మావోరీ పెద్దావిడ, కంచె మీద మోచేతులు ఆనించి, ఇది మా ముత్తవ్వలు ఆడిందే, పోటాకా అంటాం అని చెప్పింది. మోరి గారు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. అన్నీ తిరిగేవి. ఒక్కటి మాత్రం దుప్పటి చివర తిరగకుండా కూర్చునేది. లావుగా, గిన్నెలా, కింద మొద్దు పాదంతో. దాన్ని ఎందుకు తిప్పరని ఒకసారి అడిగితే, అది ఇక్కడ తిరగదని మాత్రం చెప్పి మిగతావి సర్దేశారు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పకపోతే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు. మా అన్నయ్యకు చిన్నప్పుడు డజను బొంగరాలుండేవి. నాకు ఒక్కటీ లేదు. ఒకసారి తాడు పట్టుకుంటే మామ్మ అరుగు మీద నుంచే కేకేసింది. "ఆడపిల్లవి, వీధిలో బొంగరం తిప్పుతావేటే? ఎవరైనా చూస్తే ఏటనుకుంటారు?" అని. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కందిపప్పు చెరుగుతోంది, చేట ఆపలేదు. అన్నయ్య నవ్వాడు. కానీ వాడికి ములుకు కొట్టడం చేతకాదు. కొట్టిన ప్రతిసారీ కర్ర చీలేది. అందుకని ఆ పని నాకు అప్పగించారు. బొంగరం కొనకు తడిగుడ్డ చుట్టి ఒక పూట ఉంచాలి. సన్న మేకును నిప్పులో ఎర్రగా కాల్చి దారి చెయ్యాలి. లావు మేకును ఆ దారిలో నిటారుగా దించి, తల ఊడగొట్టి, మిగిలిన కొనను గచ్చు మీద నీళ్ళు పోసి అరగదియ్యాలి. పెరట్లో కూర్చుని ఎన్నిటికి కొట్టానో లెక్క లేదు. ఒక్కటీ చీలలేదు. వీధిలో అన్నయ్య బొంగరం కదలకుండా నిద్రపోతుంటే పిల్లలంతా వాడి పేరే అరిచేవారు. తిప్పనివ్వమని రెండు మూడుసార్లు అడిగాను. వద్దన్నారు. ఆ తరువాత ఏ విషయంలోనూ అడగడం మానేశాను. అడిగితే వద్దనే అంటారని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆక్లాండ్ చదువుకు అప్లికేషను కూడా సీటొచ్చాకే ఇంట్లో చెప్పాను.

ఆ చలికాలం సెలవుల్లో మోరి గారు కూతురిని చూడటానికి నాలుగు రోజులు వెల్లింగ్టన్ వెళ్ళారు. నా రెంట్ వారం ఆలస్యమైనా ఏమీ అనని మనిషి, జ్వరమొస్తే గంజి కాచి గుమ్మంలో పెట్టిన మనిషి. ఆయనకు ఏదైనా చెయ్యాలనిపించింది. నాకు చేతనైన పని ఒక్కటే. గరాజ్‌లో ఆ మొద్దు బొంగరాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. ససెబో గోమాకు ములుకుంది, హకాటా గోమాకు ఇరుసుంది, దీనికి ఏమీ లేదు. సగంలో ఆపేసిన బొంగరం అనుకున్నాను, కళ్ళు మసకబారి ఆయన పూర్తి చెయ్యలేకపోయారనుకున్నాను. ములుకు లేని బొంగరం ఉంటుందన్న ఊహే మా ఊరివాళ్ళకు రాదు. తడిగుడ్డ చుట్టాను. గ్యాస్ పొయ్యి మీద మేకు కాల్చాను. చాలా గట్టి కర్ర, అయినా చీలలేదు. వెనక మెట్టు మీద కూర్చుని గంటసేపు అరగదీశాను. అంత నిటారైన ములుకు నా జీవితంలో ఇంకెప్పుడూ కొట్టలేదు.

ఆయన వచ్చిన రోజు వంటింటి బల్ల మీద తెల్ల కాగితం వేసి దాని మీద పెట్టాను. మోరి గారు కోటు విప్పకుండానే దాన్ని చూశారు. చేతిలోకి తీసుకుని కింది వైపు తిప్పి, బొటనవేలితో మేకును తాకి, కోటు జేబులో వేసుకుని గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. ఆ తరువాత పదకొండు రోజులు ఆ ఇంట్లో గుడ్ మార్నింగ్ తప్ప ఇంకో మాట లేదు. పదకొండు అని ఎలా చెబుతున్నానంటే, నేను లెక్కపెట్టాను. బాగు చేసిపెట్టినందుకు ఇదా మర్యాద అని కుమిలిపోయాను, రెండుసార్లు సూట్‌కేసు సర్దాను. పన్నెండో రోజు పొద్దున ఆయన చారు గిన్నె నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు.

"అది మా నాన్న చేసింది," అన్నారు. "మంచు మీద తిరగడానికి. పిల్లలు మంచులో గుంట చేసి అందులో తిప్పుతారు. మేకు ఉంటే మంచులో దిగిపోతుంది. అందుకే పాదం లావు."

తప్పయిందని అనడానికి బదులు నా నోట వచ్చింది వేరే మాట. "మీరు ముందే చెప్పి ఉండాల్సింది," అన్నాను.

"నువ్వు అడిగి ఉండాల్సింది," అన్నారాయన. గొంతు పెంచలేదు.

ఆ మాటకు నేను చాలా ఏళ్ళు మనసులో జవాబులు వెతుక్కున్నాను. అప్పుడు మాత్రం చారు తాగేసి గిన్నె కడిగాను. నేను గిన్నె బోర్లించేదాకా ఆగి, ఆయన నన్ను గరాజ్‌లోకి రమ్మన్నారు. మేకు పీకితే కర్ర పగులుతుంది కాబట్టి పీకలేదు. బొంగరాన్ని లేత్‌కు బిగించి, ఆ లావు పాదాన్ని మేకు చుట్టూ కొంచెం కొంచెంగా సన్నం చేశారు. తండ్రి చేతి పని తురుము తురుముగా నేల మీద పడుతుంటే ఆయన ఆగలేదు, నేనే మొహం తిప్పుకున్నాను. చివర బ్రష్ నా చేతికిచ్చి, రంగు నన్నే ఎంచుకోమన్నారు. పసుపు అన్నాను. కర్ర తిరుగుతుంటే బ్రష్ కదలకుండా పట్టుకోవాలి, అంతే పని. అదీ నాకు కుదురుగా రాలేదు. ఆ వలయం ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా ఇప్పటికీ ఉంది. తరువాత తాడిచ్చి తిప్పమన్నారు. నాకు రాదని చెప్పాల్సి వచ్చింది. ఆయన నమ్మలేదు. మేకు అలా కొట్టినదానివి తిప్పలేవా అన్నారు. మామ్మ సంగతి చెప్పాను. ఆయన తాడు ఎలా చుట్టాలో చూపించారు. మూడు శనివారాలు గరాజ్ ముందు కాంక్రీటు మీద విసిరాను. రెండుసార్లు మేరె ఆంటీ పూల మొక్కలు విరిగాయి. మూడో శనివారం అది లేచి నిలబడి కదలకుండా తిరిగింది. మేం నిద్రపోతోంది అంటామని చెప్పాను. బురద నీళ్ళు తేటపడ్డట్టు అని వాళ్ళంటారని ఆయన చెప్పారు. ఆగిపోయాక చేతిలోకి తీసుకుని, "ఇది రాస్కిల్ గోమా," అన్నారు. ప్రతి ఊరికీ ఒక రకం ఉన్నట్టు మా మౌంట్ రాస్కిల్‌కూ ఒక రకం ఏర్పడింది. దాన్ని తీసుకెళ్ళి షెల్ఫులో మిగతావాటితో సమానంగా పెట్టారు.

ఇప్పటి బొంగరాలు మా వీధిలో పిల్లల దగ్గర చూస్తుంటాను. ప్లాస్టిక్ గన్నులో పెట్టి లాగితే అవే తిరుగుతాయి. తాడు లేదు, తడిగుడ్డ లేదు, మూడు శనివారాలు లేవు. మా అమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు అలాంటిదొకటి కొనమంటే కొనిచ్చాను. ఆడపిల్లవని దాన్నెవరూ అనలేదు. అందుకు నాకు సంతోషమే. కానీ అది రెండో రోజుకే మంచం కిందికి పోయింది. నాకు మాత్రం ఒక బొంగరం తిప్పడానికి ఇరవై మూడేళ్ళు పట్టింది, ఇంకో దేశం పట్టింది. అందుకే ఒక ఇండియన్ స్టూడెంట్ దెబ్బతీసింది అంటే ఊరుకోలేను. మోరి గారి అంత్యక్రియల్లో హరుమి మైకు ముందు మేకు అమ్మాయి కథ చెబితే హాలంతా నవ్వింది. నేను మూడో వరసలో ఉన్నాను. ఆ రోజు చావింట్లో గొడవెందుకని ఊరుకున్నాను. కార్డు అలా కాదు. కార్డు నేను పోయాక కూడా ఉంటుంది.

ఇదంతా విని హరుమి ఆ లైను మళ్ళీ చదువుకుంది. రాస్కిల్ గోమా అని నాన్న ఎక్కడైనా రాశారా అని అడిగింది. లేదన్నాను. ఎవరైనా విన్నారా అంది. మేరె ఆంటీ ఉండేది, ఆవిడా పోయింది. అయితే నీ మాటొక్కటే అంది. నా మాటొక్కటే అని ఒప్పుకున్నాను, అయినా అది రాయాల్సిందేనన్నాను. అప్పుడు ఆమె సంచిలోంచి గుడ్డలో చుట్టిన బొంగరాన్ని తీసి మా ఇద్దరి మధ్య పెట్టింది. పసుపు వలయం కొంచెం వెలిసింది.

"ఇది నాకిస్తానని నాకు ఆరేళ్ళప్పుడు చెప్పాడు," అంది హరుమి. "తాతయ్య చేతిది ఇదొక్కటే మిగిలింది. మంచు ఉన్న చోటికి వెళ్ళినప్పుడు ఇద్దరం తిప్పుదామన్నాడు. నువ్వు మేకు కొట్టిన సంవత్సరం ఫోన్ చేసి, అది ఇప్పుడు వేరే బొంగరం అయింది, నీకు ఇవ్వలేను అన్నాడు. నాకు వేరేది ఎందుకు? నాకు అదే కావాలి. నేను దక్షిణ దీవికి ఎన్నిసార్లు వెళ్ళాను, అక్కడ ఎంత మంచు ఉంటుందో నీకు తెలుసా?"

నాకు కావలసిన సాక్ష్యం ఆమె నోటి నుంచే వచ్చింది. వేరే బొంగరం అయిందని ఆయనే అన్నారు. ఆ మాట పట్టుకుని బల్ల మీద కొట్టి చూపించవచ్చు. ఎన్నో తగవుల్లో అంతకంటే చిన్న మాటలతో గెలిచాను. కానీ ఎదురుగా అరవై దాటిన ఆడమనిషి ఆరేళ్ళ పిల్లలా పెదవి బిగబట్టి కూర్చుని ఉంది. పాతికేళ్ళుగా నాకు జరిగిన అవమానమే లెక్కపెట్టుకున్నాను. ఆ మేకు ఇంకొకరికి రావలసినదానిలో దిగిందని ఒక్కసారీ అనుకోలేదు. ఆమె మాత్రం అన్నేళ్ళూ క్రిస్మస్‌కు నాకు కార్డు పంపింది.

కాగితం నా వైపు లాక్కుని రాశాను. కొట్టేసి మళ్ళీ రాశాను. చివరికి ఇలా వచ్చింది: "రాస్కిల్ గోమా. మంచు బొంగరంగా దీన్ని చేసింది మోరి గారి తండ్రి. మోరి గారు తన కూతురు హరుమికి ఇస్తానన్న ఈ బొంగరానికి ఎవరినీ అడగకుండా ములుకు కొట్టింది ఇందిర. దీన్ని మళ్ళీ చెక్కి పేరు పెట్టింది మోరి గారు." హరుమి చదివింది. దెబ్బతిన్నది అన్న మాట ఉండాలంది. వద్దన్నాను. తనకు దెబ్బతిన్నదేనంది. ఆ మాట మీద గంటసేపు వాదించుకున్నాం, టీ రెండోసారి పెట్టాను. కార్డులో తన పేరు, తనకిచ్చిన మాట చేరాక ఆ మాట లేకపోయినా చదివినవాళ్ళకు తెలుస్తుందని చివరికి తనే అంది. నా పేరు కింద గీత గీసి, స్పెల్లింగ్ సరిగ్గా ఉందా అని అడిగింది. అప్పుడు మిగతా పేర్లన్నీ దిద్దిపెట్టాను. ఏడు తప్పులున్నాయి.

ఆమె బొంగరాన్ని గుడ్డలో చుడుతుంటే, అద్దాల వెనక్కి వెళ్ళేలోగా ఒక్కసారి బయట కాంక్రీటు మీద తిప్పుకోవచ్చా అని అడిగాను. హరుమి చుట్టడం ఆపింది.

"వద్దు ఇందిరా," అంది. "అప్పటిదాకా నా దగ్గర ఉండనీ. ఇన్నేళ్ళలో ఒక్కరోజూ లేదు."

చిన్నప్పటి నుంచి నేను భయపడిన జవాబు అదే. అయితే ఈసారి దాన్ని చెప్పే హక్కు ఉన్న మనిషి చెప్పింది. సరేనన్నాను. కారు దాకా వెళ్ళి సాగనంపాను. వచ్చే శనివారం పొద్దున ఆ బీరువా తెరుస్తున్నారు. మా అమ్మాయి రానంది, రాకపోతే మానె. హాలు తలుపులు తీసే వేళకే వెళ్ళి ఆ కార్డు మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. అడగకుండా అన్న మాట గానీ, హరుమి పేరు గానీ, నా పేరు గానీ, ఏ ఒక్కటి తగ్గినా, కొత్త కార్డు రాసి పెట్టేదాకా అక్కడి నుంచి కదలను.